బొట్టు పెట్టిన పెడల్

ధర్మవరంలో చౌడప్పలకు కరువు లేదు. చౌడేశ్వరమ్మను కొలిచే మగ్గాల ఇళ్ళు ఎన్ని ఉన్నాయో దాదాపు అంతమంది చౌడప్పలూ ఉన్నారు. ఒకరిని పిలిస్తే నలుగురు తిరిగి చూసే పరిస్థితి కాబట్టి ఊరు ఒక్కొక్కరికి ఒక్కో తోక తగిలించింది. జరీ చౌడప్ప, సోడా చౌడప్ప, పొట్టి చౌడప్ప. మన చౌడప్పకు మొదట్లో గిటారు చౌడప్ప అని పేరుండేది. ఆ పేరంటే అతనికి చెప్పలేనంత ఇష్టం. ఆ తరువాత తొక్కుడు చౌడప్ప అయ్యాడు. కొత్తలో ఈ పేరు విని మొహం చిట్లించుకున్నవాడు, ఇప్పుడు ఎవరైనా పాత పేరుతో పిలిస్తే తానే ఆపి సరిదిద్దుతాడు.

అతను పుట్టిన ఇంట్లో మనుషులకన్నా మగ్గానికే ఎక్కువ చోటు. నేలలో తవ్విన గుంత, గుంత అంచున కూర్చోవడానికి ఒక పలక, కాళ్ళ కింద తొక్కుడు కట్టెలు. ఒక కట్టె తొక్కితే పైన పట్టుపోగులు విడిపడి దారి ఇస్తాయి, అడ్డపోగు మోసే నాడె ఆ దారిలో అటు పోతుంది. ఇంకో కట్టె తొక్కితే ఇటు వస్తుంది. నాయన తొందరగా పోయాడు. ఆయన దిగే గుంతలోకి అమ్మ కొండమ్మ దిగింది. కొండమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడిందంటే మాత్రం ఎదుటివాడికి మాట్లాడటానికి ఇంకేమీ మిగిలేది కాదు.

చౌడప్ప కూడా మీసాలు రాకముందే నేత పట్టాడు. చేయి మంచిదని అందరూ అనేవాళ్ళు. చేయి మంచిదే గానీ మనసు వేరేచోట ఉండేది. ఆ వేరేచోటు పెనుకొండలో చర్చి సందు. అక్కడ అతని పెద్దమ్మ ఇల్లుంది. ఒకసారి పెళ్ళికని పోయినవాడు, చర్చి అరుగుమీద కూర్చుని రైల్వేలో పనిచేసే జాన్ సారు గిటారు వాయిస్తుంటే విన్నాడు. ఆ రోజు నుంచి పెద్దమ్మమీద అతనికి పుట్టుకొచ్చిన ప్రేమ చూసి పెద్దమ్మే ఆశ్చర్యపోయింది. ఆదివారం వస్తే చాలు, ప్యాసింజరు ఎక్కి పెనుకొండలో దిగేవాడు. ఆమె పెట్టిన ముద్ద గబగబా మింగి చర్చి గోడ దగ్గర నిలబడేవాడు.

"ఏమబ్బా, వారం వారం ఆడ నిలబడి చూస్తాండావు. గోడ నువ్వు పట్టుకోకుంటే పడిపోతాదా? ఇట్లా రా, చేతికి తీసుకో" అని జాన్ సారే పిలిచాడు.

ఆయన నేర్పిన పాఠాలన్నింటిలో చౌడప్పకు బాగా నాటుకున్నది ఒక్కటే. "చేతులు రెండూ గిటారుకు ఇచ్చేయాలప్పా. తాళం మాత్రం కాలికి ఇయ్యాల. కాలు నిలిచిపోయిందంటే పాట నిలిచిపోయినట్లే." ఈ మాట చౌడప్పకు కొత్తగా అనిపించలేదు. మగ్గంలో అతను చేసేదీ అదే కదా. జాన్ సారుకు గుంతకల్లు బదిలీ అయినప్పుడు తన పాత గిటారు అతని చేతిలో పెట్టి పోయాడు. ఆ రోజు చౌడప్ప ప్యాసింజరులో గిటారును ఒళ్ళో పెట్టుకుని ధర్మవరం దాకా ఏడుస్తూనే వచ్చాడు. దుఃఖం ఎంతో, సంతోషం ఎంతో అతనికే తెలియలేదు.

తొంభైలు సగం గడిచేసరికి అతను హిందూపురం పెన్నా స్వరధార ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తున్నాడు. ప్రోగ్రాం లేని రోజుల్లో మగ్గం, ఉన్న రోజున స్టేజీ. స్టేజీమీద మెరుపు చొక్కా వేసుకుని నిలబడినప్పుడు అతనికి తాను నిజంగా బతుకుతున్నట్టు అనిపించేది. ఇందులో దాచడానికేమీ లేదు, ఆ మాట అతనే అందరితో చెప్పేవాడు.

ఆర్కెస్ట్రా హనుమప్పది. పాడేవాడు ఆయనే, పార్టీలతో మాట్లాడేవాడు ఆయనే, వ్యాను నడిపేవాడూ ఆయనే. కోపిష్ఠి, కానీ కడుపులో కుట్ర లేని మనిషి. ఆయనకున్న పట్టింపు ఒక్కటే, వాద్యాలు. కుర్రతనంలో ఒకసారి తొందరలో తబలాను దాటి నడిచాడట. గురువు నెలల తరబడి తబలా ముట్టనివ్వలేదట. ఆ దెబ్బతో ఆయనకు వాద్యమంటే భక్తీ భయమూ కలిసిపోయాయి. ప్రతి ప్రోగ్రాం ముందు టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించి, కుంకుమ గిన్నె పట్టుకుని ఒక్కో వాద్యానికీ బొట్టు పెట్టేవాడు. ఢోలక్ వాయించే సాదిక్ నవ్వుతూ తన ఢోలక్‌ను ముందుకు జరిపేవాడు. బొట్టు పెట్టాక ఎవరి కాలైనా దేనికైనా తగిలిందో, వాడు చెంపలు వేసుకునేదాకా ఆ పాట మొదలయ్యేది కాదు.

అన్నీ బాగానే ఉన్నాయనుకుంటుండగా కొత్త శతాబ్దం వచ్చింది. దాంతోపాటు గోరంట్ల నుంచి బాలాజి అనే కుర్రవాడు కీబోర్డు పట్టుకుని వచ్చాడు. ఆ కీబోర్డులో ఒక మీట నొక్కితే వీణ, ఇంకోటి నొక్కితే సన్నాయి. ఇంకోటి నొక్కితే గిటారు. బాలాజి మంచివాడే, పాపం, అతని కీబోర్డే మంచిది కాదు. హనుమప్ప ఒకరోజు వ్యానులో సామాన్లు సర్దుతూ, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

"వ్యానులో చోటు చాల్లేదప్పా. గిటారు శబ్దం కీబోర్డులోనే వస్తాండాది. చౌడప్పా, నువ్వేమైనా ఆలోచన చేసుకో."

చౌడప్పకు కోపం రాలేదు. భయం వేసింది. మగ్గం ఉంది, తిండికి లోటు లేదు, అదంతా నిజమే. కానీ ఆ మెరుపు చొక్కా ఇక పెట్టెలోనే మడిచి పెట్టాలంటే తనలో ఏదో చచ్చిపోతుందని అతనికి ఖాయంగా తెలుసు. ఏదో ఒకటి చేయాలి. కీబోర్డు ఏ మీట నొక్కినా రాని శబ్దం ఒకటి తన గిటారులోంచి రావాలి.

దానికోసం బెంగళూరు పోయాడు. పాత సంగీత సామాన్లు అమ్మే అంగడి ఒకటి పట్టుకుని, కన్నడంలో సగం, తెలుగులో సగం బేరమాడుతూ చేతికి దొరికిందల్లా తగిలించి చూశాడు. చివరికి అంగడాయన మూలనుంచి ఒక ఇనుప డబ్బా తీశాడు, దీన్ని పెడల్ అంటారని చెప్పాడు. ఏదో హోటల్ బ్యాండు మూతపడితే వచ్చిన సరుకట. పైన ఎర్రదీపాల వరుస, నాలుగైదు గుండీలు, కింది భాగంలో కాలితో నొక్కే బొత్తాలు రెండు. గిటారుకూ స్పీకరుకూ మధ్య దీన్ని తగిలించాలి. ఒక బొత్తం డబ్బాను మేల్కొలుపుతుంది. రెండో బొత్తాన్ని పాట తాళంలో కాలితో టక్ టక్ మని నొక్కితే డబ్బా ఆ తాళాన్ని పట్టేస్తుంది.

అంగడాయన చెప్పినట్టు చేసి, చౌడప్ప గిటారుమీద ఒక్కసారి చేయి ఆడించి ఊరుకున్నాడు. ఆ ఒక్క శబ్దం ముక్కలు ముక్కలై, ఒక ముక్క మూసుకున్నట్టూ ఇంకో ముక్క తెరుచుకున్నట్టూ, తాళం తప్పకుండా ఆడటం మొదలుపెట్టింది. ఇంట్లో రేడియో పాడుతుంటే ఎవరో తలుపు దగ్గర నిలబడి పాటకు సరిగ్గా తలుపు తెరుస్తూ మూస్తూ ఉంటే ఎట్లా వినిపిస్తుందో, అట్లా ఉంది. కీబోర్డు బాలాజి పదివేళ్ళతో కొట్టినా ఈ ఆట రాదు. అక్కడికక్కడే, బేరానికి పనికొస్తుందేమోనని తన ఎలక్ట్రిక్ గిటారుతోపాటు తెచ్చుకున్న జాన్ సారు గిటారును వెలకింద అంగడాయన చేతిలో పెట్టి, చౌడప్ప డబ్బాను చంకలో పెట్టుకుని బయటికి వచ్చాడు. వచ్చాక చాలాసేపు వెనక్కి తిరిగి చూడలేకపోయాడు. ఇంత ఇచ్చి తెచ్చుకున్న దాన్ని లొంగదీయకపోతే జాన్ సారు మొహం జన్మలో చూడలేననుకున్నాడు.

ఇంట్లో మగ్గం పక్కనే కూర్చుని సాధన మొదలుపెట్టాడు. కొండమ్మ ఒకటి రెండు రోజులు ఓపిక పట్టింది.

"ఏందిరా అది? గొంతు పట్టుకోని వదిలినట్ల అరుస్తాంది."

"కొత్త శబ్దం మా ఇది."

"కొత్తదైతే మెల్లగా అరవమను. పోగు తెగుతాంది."

సాధన మాత్రం ఆగలేదు. కాలు తాళం వేస్తూనే ఉండాలి, వేలు తప్పకూడదు, చెవి ఢోలక్ మీద ఉండాలి. హిందూపురం షెడ్డులో సాదిక్ ముందు వాయించాడు. సాదిక్ ఢోలక్ కాస్త జోరందుకున్నా, కాస్త తగ్గినా, చౌడప్ప కాలితో మళ్ళీ నొక్కేవాడు, డబ్బా ఆ వేగానికి వచ్చేది. "దీన్ని పట్టినావన్నా!" అని సాదిక్ ఎగిరి గంతేశాడు. హనుమప్ప కూడా వచ్చి విన్నాడు, తల ఊపాడు.

"డబ్బా బాగుండాదప్పా. వినాయక చవితికి పెనుకొండ ప్రోగ్రాంలో వాయించు, చూద్దాం."

ఇక్కడే చౌడప్ప బుద్ధి గడ్డి తింది. హనుమప్ప మెచ్చుకున్నాడు, ఉండమన్నాడు, అంతకన్నా ఏం కావాలి? కానీ 'డబ్బా' అన్న మాట అతని మనసులో గుచ్చుకుని కూర్చుంది. జాన్ సారు గిటారు ఇచ్చి తెచ్చుకున్నది డబ్బా ఎట్లా అవుతుంది?

పెనుకొండలో వినాయకుడి పందిరి ముందు స్టేజీ వేశారు. సాయంత్రం వెలుతురు ఇంకా పోలేదు, కొండమీది కోటగోడ ఎర్రగా కనిపిస్తోంది. జనం చాపలు పరుచుకుని కూర్చుంటున్నారు, పెద్దమ్మ తన వీధి వీధినంతా వెంటేసుకుని వచ్చింది. హనుమప్ప కుంకుమ గిన్నె పట్టుకుని కీబోర్డుకు బొట్టు పెట్టాడు, ఢోలక్‌కు పెట్టాడు, గిటారుకు పెట్టాడు, పెడల్‌ను దాటి పోబోయాడు.

"అన్నా, దీనికి గూడా పెట్టు."

"దీనికెందుకప్పా? డబ్బా కదా."

"డబ్బా అనొద్దన్నా. ఇది గూడా వాద్యమే."

హనుమప్పకు ఆ మాట నచ్చింది. వాద్యాన్ని వాద్యమనేవాడంటే ఆయనకు గౌరవం. వంగి, వెడల్పుగా ఖాళీగా కనిపించిన చోట, అంటే కాలితో నొక్కే బొత్తం మీదే, నిండుగా బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు. చౌడప్ప ఛాతీ ఉప్పొంగింది.

మొదటి పాట జోరైన పాట. సాదిక్ ఢోలక్ ఎత్తుకున్నాడు. చౌడప్ప కాలు లేపాడు.

"యేయ్!"

హనుమప్ప చేతిలో మైకు ఉందన్న సంగతి ఆయనే మరిచిపోయాడు. ఆ కేక పెనుకొండ బజారంతా మోగింది.

"బొట్టు పెట్టినాక కాలు పెడ్తావా? బుద్ధుండాదా నీకు?"

చౌడప్ప కాలు గాలిలోనే ఆగింది. షెడ్డులో ఇదే డబ్బాను ఇదే కాలితో హనుమప్ప కళ్ళముందే తొక్కాడు. అప్పుడది డబ్బా. ఇప్పుడు వాద్యం, తానే వాద్యం చేయించాడు. వంగి చేత్తో నొక్కబోయాడు. చేయి అటు పోతే ఇటు గిటారు మూగబోయింది. ఒక మడత కుర్చీ తెచ్చి పెడల్‌ను దానిమీద పెట్టి, ఒక చేత్తో నొక్కుతూ ఇంకో చేత్తో తీగలు మీటాడు. డబ్బా తనకు తోచిన వేగంలో పోతోంది, సాదిక్ తన వేగంలో పోతున్నాడు. వాళ్ళిద్దరి మధ్య హనుమప్ప పాట ఎటు పోవాలో తెలియక తడబడుతోంది. జనం ఈలలు వేశారు. అవి మెచ్చుకునే ఈలలు కావు. చివరికి బాలాజి తల వంచుకుని కీబోర్డులో గిటారు మీట నొక్కి పాటను ఒడ్డుకు చేర్చాడు. పెద్దమ్మ మొహం చూడటానికి చౌడప్పకు ధైర్యం చాలలేదు.

సామాన్లు సర్దేటప్పుడు హనుమప్పే దగ్గరికి వచ్చాడు. కోపం దిగిపోయి ఉంది.

"నీ మీద నాకేం కసి లేదు. దసరాకు మీ ధర్మవరంలో ప్రోగ్రాం ఉండాది. మీ ఊరు కాబట్టి రా, వాయించు. ఆ పైన బాలాజితోనే సరిపెట్టుకుంటా."

"పెడల్‌కు బొట్టు లేకుంటే తొక్కొచ్చు కదన్నా? తుడిచేస్తా."

హనుమప్ప అతన్ని ఎగాదిగా చూశాడు. "పెట్టిన బొట్టు తుడుస్తావా? నోట్లోంచి ఆ మాట యాట్ల వచ్చిందప్పా నీకు?"

నిజమే, ఆ మాట అన్నందుకు చౌడప్పకే ఒళ్ళు గగుర్పొడిచింది. బొట్టు పెట్టించుకోవడం తన చేతిలో ఉంది గానీ తీసేయడం ఎవరి చేతిలోనూ లేదు.

ఇంకొకడైతే ఆ రోజే గిటారుకు గుడ్డ చుట్టేసేవాడు. చౌడప్ప మొండివాడు. వడ్రంగి దగ్గరికి పోయి మోకాలి ఎత్తుకు ఒక బల్ల చేయించి, మోకాలితో నొక్కడం నేర్చుకున్నాడు. హిందూపురం షెడ్డులో చూపిస్తే హనుమప్ప "మోకాలు కాలు కాదా? అదేమన్నా చేతికి చుట్టమా?" అన్నాడు. మోచేత్తో నొక్కి చూశాడు, గిటారు జారి గడ్డానికి తగిలింది. సాదిక్ జాలిపడి, "నువ్వు ముట్టుకోవద్దన్నా, అది ఎంత వేగంగా పోతే నేనూ అంతే వేగంగా కొడతా" అన్నాడు. కొట్టాడు కూడా. కొట్టి, ఢోలక్ పక్కన పెట్టి, "దానికి ఊపిరి లేదన్నా. దాని వెనకాల నడిస్తే నా చేతులు గూడా మొద్దుబారిపోతాండాయి" అన్నాడు. తన కోసం సాదిక్ చేతులు చెడగొట్టడం చౌడప్పకు ఇష్టం లేకపోయింది. ఇంటికి వచ్చి మళ్ళీ మొదటినుంచి ఆలోచన.

దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు ధర్మవరంలో మగ్గం చప్పుడు వినిపించదు. కొండమ్మ ఇల్లు అలికి, మగ్గానికి పసుపు రాసి, బంతిపూలు కట్టింది. నాడెకు బొట్టు పెట్టింది, నిలువు కట్టెలకు పెట్టింది. చివరికి గుంతలోకి చేయి చాచి వంగింది. చౌడప్ప తన గిటారునూ పెడల్‌నూ తెచ్చి మగ్గం పక్కన పెట్టాడు. వాటికీ కొండమ్మ పూలు పెట్టి, బొట్టు నువ్వే పెట్టుకోమన్నట్టు కుంకుమ భరిణె అతనివైపు జరిపింది. పెనుకొండలో పెట్టిన బొట్టు ఆరిపోయి ఎప్పుడో రాలిపోయింది. చౌడప్ప భరిణెలో వేలు ముంచాడు గానీ పెడల్ దగ్గర అతని వేలు ఆగిపోయింది. ఇంకోసారి పెడితే ఇంకోసారి చిక్కుపడతానని గిటారుకు మాత్రం పెట్టి లేచాడు.

మరుసటి రోజు విజయదశమి. సాయంత్రం ప్రోగ్రాం. పొద్దున్నే చౌడప్ప అరుగుమీద కూర్చుని వైర్లు చుడుతున్నాడు. లోపల కొండమ్మ శుభానికి నాలుగు పోగులు నేద్దామని మగ్గం దగ్గరికి వచ్చింది. కాళ్ళు కడుక్కుంది. పలకమీద కూర్చుని, ముందుకు వంగి, గుంతలోని తొక్కుడు కట్టెను చేత్తో ముట్టుకుని ఆ చేయి కళ్ళకద్దుకుంది. ఆ తరువాత కాళ్ళు కిందికి దించి తొక్కింది.

చౌడప్ప చేతిలోని వైరు కింద పడింది. ఈ పని అమ్మ రోజూ చేస్తుంది. నాయన చేశాడు. తానూ గుంతలో దిగిన ప్రతి పొద్దూ చేశాడు. పెరుగన్నం కలుపుకున్నంత మామూలుగా చేశాడు కాబట్టి అది తన బుర్రకు తట్టనే లేదు.

"మా!"

"ఏందిరా?"

"నిన్న ఆ కట్టెకు బొట్టు పెట్టినావు."

"పెట్నా."

"ఇప్పుడు తొక్కుతాండావు."

కొండమ్మ నాడె ఆపి కొడుకువైపు చూసింది. "తొక్కకుంటే నాడె యాట్ల పోతాది? నీ మొగం చూసి పోతాదా?"

"తప్పు కాదా మా?"

"మొక్కి తొక్కుతాం. తప్పెందుకైతాది? చౌడేశ్వరమ్మ మనకిచ్చిందే తొక్కేదానికి. మొక్కి గమ్మున కూర్చుంటే ఆయమ్మే నవ్వుతాది." మళ్ళీ నాడె వేస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది, "బొట్టు యాడ పెట్నానో చూసినావా? కాలు తగిలే తావు వదిలిపెట్టి పెట్నా. ఆ మాత్రం తెలివి ఉండాల."

చౌడప్ప గుంత దగ్గరికి వచ్చి తొంగిచూశాడు. కట్టె చివర, పాదం చేరని చోట, చిన్న బొట్టు. అతను లేచి కుంకుమ భరిణె తీసుకున్నాడు. పెడల్ పైమూలన, ఎర్రదీపాల వరుస పక్కన, అంతే చిన్న బొట్టు పెట్టాడు.

సాయంత్రం వ్యాను స్టేజీ దగ్గర ఆగగానే హనుమప్ప దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"అన్నా, ఈ పొద్దు కాలు పెడతా."

"పెడితే ఇంగ నా వ్యాను ఎక్కొద్దు."

"సరేన్నా."

హనుమప్ప టెంకాయ కొట్టాడు, కర్పూరం వెలిగించాడు, బొట్లు పెట్టుకుంటూ వచ్చాడు. పెడల్ మీద అప్పటికే బొట్టు ఉండటం చూసి, దవడ బిగించి, పక్కకు పోయాడు. ఎదురుగా కూర్చున్న జనమంతా మగ్గాలవాళ్ళే. ముందు వరుసల్లో ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, వాళ్ళ చివరన కొండమ్మ.

సాదిక్ ఢోలక్ ఎత్తుకున్నాడు. అదే పాట, పెనుకొండలో పరువు తీసిన పాట. చౌడప్ప స్టేజీ వెనక చెంబులో నీళ్ళతో కాళ్ళు కడుక్కుని వచ్చాడు. గిటారు మెడలో వేలాడుతుండగానే మోకాళ్ళమీద వంగాడు. చేత్తో పెడల్ ముట్టుకున్నాడు, ఆ చేయి కళ్ళకద్దుకున్నాడు. లేచి నిలబడి, కుడికాలు ముందుకు చాపి, ఢోలక్ దెబ్బ దెబ్బకూ బొత్తం తొక్కాడు.

జనంలో ముందు వరుసలోంచి ఒకామె గట్టిగా నవ్వింది. "ఓయమ్మా, మగ్గంలో దిగినట్ల దిగినాడు చూడండే!"

ఆ నవ్వు వరుసలు దాటుకుంటూ వెనక్కి పోయి చప్పట్లై తిరిగి వచ్చింది. అందులో ఎగతాళి లేదు. తమ ఇంటి పని ఒకటి స్టేజీమీద కనబడితే మనుషులు ఎట్లా మురిసిపోతారో అట్లా మురిసిపోయారు. చౌడప్ప తీగలమీద చేయి ఆడించాడు. ఆ శబ్దం సాదిక్ దెబ్బకు సరిగ్గా తెరుచుకుంటూ, మూసుకుంటూ ఊరుమీదికి పోయింది. సాదిక్ జోరు పెంచాడు, చౌడప్ప కాలు పెంచింది. సాదిక్ దించాడు, కాలు దించింది. పాడాల్సిన హనుమప్ప ఒక చరణం మొదలు మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. బాలాజి కీబోర్డుమీంచి చేతులు తీసి తానూ చప్పట్లు కొట్టాడు. చౌడప్ప ఒకసారి అమ్మవైపు చూశాడు. కొండమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. కానీ చీర కుచ్చిళ్ళ కింద ఆమె రెండు పాదాలూ ఒకటి మార్చి ఒకటి కదులుతున్నాయి. ఆమె పక్కనున్న ఆడవాళ్ళ పాదాలూ అంతే. చౌడప్పకు కళ్ళు నిండాయి. మెరుపు చొక్కా చేతితో తుడుచుకుంటే ఎక్కడ తీగ తప్పుతుందోనని అట్లాగే వదిలేశాడు.

ప్రోగ్రాం అయ్యాక హనుమప్ప అతనివైపు రాలేదు. నేరుగా కొండమ్మ దగ్గరికి పోయాడు.

"ఏమమ్మా, మీవాడు చేసిందేంది?"

"మేము దినామూ చేసేదే సామీ."

"బొట్టు పెట్టినదాన్నా?"

"నమ్మకుంటే పొద్దున్నే ఇంటికి వచ్చి చూసుకో."

ఆయన నిజంగానే వచ్చాడు. తెల్లారి వ్యాను వీధి చివర ఆపి, చెప్పులు బయట విడిచి, గడప దగ్గర నిలబడ్డాడు. కొండమ్మ ఆయన వచ్చాడని తన పని మార్చుకోలేదు. కాళ్ళు కడుక్కుంది, వంగింది, ముట్టుకుంది, కళ్ళకద్దుకుంది, తొక్కింది. హనుమప్ప చాలాసేపు చూశాడు. ఇచ్చిన నీళ్ళు తాగాడు. లోపలున్న చౌడప్పవైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత హిందూపురం నుంచి కబురు రాలేదు. చౌడప్ప రోజూ మగ్గంలో దిగాడు, తొక్కాడు, చెవి మాత్రం వీధిలోనే పెట్టాడు. హిందూపురంలో పట్టుగూళ్ళ వ్యాపారి ఇంట్లో పెళ్ళికి ప్రోగ్రాం ఉందని సాదిక్ చెప్పగా విన్నాడు. తనను రమ్మన్నారని సాదిక్ చెప్పలేదు, రావద్దన్నారనీ చెప్పలేదు. అడిగితే ఏమంటారోనని భయం, అడగకుండా ఉంటే అంతకన్నా భయం. చివరికి మెరుపు చొక్కా వేసుకుని, గిటారు భుజానికి తగిలించి, పెడల్‌ను సంచిలో పెట్టుకున్నాడు.

"వ్యాను ఎక్కొద్దన్నాడు కదా?" అంది కొండమ్మ.

"రైలు ఎక్కొద్దనలేదు కదా మా" అన్నాడు చౌడప్ప.

ప్యాసింజరు పెనుకొండలో ఆగినప్పుడు, జాన్ సారు పనిచేసిన ప్లాట్‌ఫారం వైపు చూసి దణ్ణం పెట్టుకున్నాడు. హిందూపురంలో దిగి పెళ్ళి షామియానా దాకా నడిచాడు. స్టేజీ ఎక్కి, ఎవరినీ అడగకుండా తన చోట నిలబడ్డాడు. సాదిక్ ఢోలక్ కొంచెం జరిపి చోటిచ్చాడు. చౌడప్ప పెడల్ కింద పెట్టి వైరు తగిలించాడు. దసరానాటి బొట్టు సంచిలో రాసుకుపోయి చెరిగిపోయింది.

హనుమప్ప టెంకాయ కొట్టాడు. కుంకుమ గిన్నె పట్టుకుని వచ్చాడు. కీబోర్డుకు పెట్టాడు, ఢోలక్‌కు పెట్టాడు, గిటారుకు పెట్టాడు. పెడల్ ముందు ఆగాడు. హనుమప్ప మెల్లగా వంగి, కళ్ళు చికిలించి, బొత్తం ఎక్కడుందో వేలితో తడిమి చూసుకున్నాడు. ఆ వేలు పైకి జరిపి, దీపాల వరుస పక్కన, కాలు తగలని మూలన, చిన్న బొట్టు పెట్టాడు. చేయి కళ్ళకద్దుకుని లేచాడు.

"ఊ, ఇంగ తొక్కప్పా" అన్నాడు.